వెనక షాకబ్జర్లు: ఏ జత కొనాలి, ఇంట్లో ఏది మార్చుకోవచ్చు

బండి వెనక షాకబ్జర్లు పోయాయని స్పేర్ పార్టుల షాపుకి వెళ్తే గోదావరి జిల్లాల్లో తరచూ వినిపించే సలహా ఒకటుంది. "హెవీ స్ప్రింగువి వేయించేయండి బాబూ, ఇక తిరుగుండదు." కొబ్బరికాయల బస్తాలు, అరటి గెలలు, పాల క్యానులు, చెరువు మేత మోసే బళ్ళున్న చోట ఆ మాట సబబుగానే అనిపిస్తుంది. కానీ ఎక్కువమందికి అది పనికిరాని సలహా. అంబాజీపేటకి కాయలతో వెళ్ళిన బండి తిరిగొచ్చేటప్పుడు ఖాళీగానే వస్తుంది కదా. రావులపాలెంలో గెలలు దించేసిన బండీ అంతే. పోయేటప్పుడు బరువు, వచ్చేటప్పుడు ఖాళీ. బరువు కోసం కొన్న గట్టి స్ప్రింగు, ఖాళీ బండి మీద మనిషిని సీటు మీంచి ఎగరేస్తుంది. తడిసిన గట్టు మీద వెనక చక్రం పట్టు వదిలేస్తుంది. నడుము నొప్పి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ధర అడగకముందు మీ బండి రోజు ఎలా గడుస్తుందో ఓసారి లెక్క వేసుకోండి. ఎంత బరువు, ఎంతసేపు, ఏ రోడ్డు మీద. పుంత రోడ్డులో ఇరవై, ముప్పై స్పీడులో తిరిగే స్ప్లెండర్‌కి కావలసింది ఒకటి. భార్యాపిల్లలతో పదహారో నంబరు జాతీయ రహదారి మీద తణుకు నుంచి రాజమండ్రి వెళ్ళొచ్చే పల్సర్‌కి కావలసింది ఇంకొకటి.

పోయింది షాకేనా?

వెనక నుంచి టకటక చప్పుడు రాగానే షాకు పోయిందని తేల్చేస్తారు. చిన్న ఎత్తుపల్లం మీద కూడా వినపడే ఆ పొడి చప్పుడు ఎక్కువసార్లు బుష్‌ది. షాకు పైనా కిందా బోల్టు దూరే కన్నాల్లో రబ్బరు బుష్‌లుంటాయి. అవి ఎండి, చిట్లి, పొడైపోతే ఇనుము ఇనుముని కొడుతుంది. చాలా బళ్ళకి బుష్‌లు విడిగా దొరుకుతాయి, షాకుల జత ధరలో అదో చిన్న వంతు. షాకు లోపల బాగుంటే బుష్‌లు మార్చి ఊరుకోండి. ఒక్కోసారి బుష్ కూడా కాదు, పై నట్టు వదులైపోయి ఉంటుంది. ముందు స్పానర్ పెట్టి చూడండి.

మలుపుల్లో వెనక భాగం ఊగుతుంటే మెయిన్ స్టాండ్ వేసి, వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ లాగండి. ఆట (వదులు) కనిపిస్తే, వెనక చక్రాన్ని ఫ్రేముకి కలిపే స్వింగ్ ఆర్మ్ బుష్ గానీ చక్రం బేరింగు గానీ అరిగినట్టు. అది వదిలేసి కొత్త షాకులు వేస్తే డబ్బు పోతుంది, ఊగడం పోదు. టైరులో గాలి మరీ ఎక్కువ కొట్టించుకున్నా సీటు రాయిలా కొడుతుంది. బరువు మోయాలని గాలి ఎక్కువ కొట్టించి అలాగే వదిలేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది.

ఇక షాకు సంగతి. బండిని నేల మీద నిలబెట్టి, సీటు వెనక భాగాన్ని బలంగా కిందకి నొక్కి వదలండి. బాగున్న షాకు ఒక్కసారి పైకి లేచి ఆగిపోతుంది. పోయిన షాకు రెండు మూడు సార్లు పైకీ కిందకీ ఊగుతుంది. తర్వాత కూర్చుని రాడ్డు చుట్టూ వేలితో తుడవండి. పల్చటి తేమ తగిలితే కంగారు పడక్కర్లేదు. నల్లటి పేస్టులా దుమ్మూ నూనే కలిసి వేలికి అంటితే, లోపలి నూనె బయటికి రాకుండా ఆపే సీలు పోయినట్టే. శుభ్రంగా తుడిచాక గోరుని రాడ్డు మీద పైకీ కిందకీ జరపండి. నున్నగా జారాలి. ఎక్కడైనా గోరు తట్టుకుందంటే అక్కడ తుప్పు తిని గుంట పడింది. ఆ గుంట పైకీ కిందకీ వెళ్ళిన ప్రతిసారీ సీలుని కొరుకుతుంది. కొత్త సీలు వేసినా ఎక్కువ కాలం నిలవదు. ఈ గోరు పరీక్ష కింద రీకండిషన్ దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

స్ప్రింగు చేసేది ఒకటి, నూనె చేసేది ఒకటి

బరువుని మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు గెంతకుండా పట్టి ఉంచేది లోపలి నూనె. రాడ్డు కదిలినప్పుడు నూనె చిన్న చిన్న కన్నాల్లోంచి దూరాలి, ఆ ఇబ్బందే ఊగడాన్ని ఆపుతుంది. స్ప్రింగు గట్టిదైతే అది వెనక్కి తన్నే బలం కూడా ఎక్కువ, దాన్ని ఆపడానికి నూనె వైపు కూడా అంత పట్టు ఉండాలి. మామూలు షాకుకి గట్టి స్ప్రింగు ఒక్కటే తొడిగిస్తే వచ్చే తంటా ఇదే. గుంతలో దిగడం తగ్గుతుంది, పైకి తన్నడం పెరుగుతుంది.

షాకు కింద భాగంలో మెట్లలా ఉండే రింగుని చూసే ఉంటారు. స్ప్లెండర్ లాంటి బళ్ళకి 5 మెట్లు, రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొత్త మోడల్‌కి 6. దీన్ని తిప్పితే "షాకు టైటవుతుంది" అంటారు గానీ నిజానికి స్ప్రింగు గట్టితనం ఏమీ మారదు. బండి వెనక భాగం కాస్త ఎత్తులో నిలబడుతుంది, అంతే. దాంతో బరువు ఎక్కాక కూడా కిందకి దిగడానికి చోటు మిగులుతుంది. పోయేటప్పుడు బరువు, వచ్చేటప్పుడు ఖాళీ అయ్యే బండికి అసలు మందు ఈ రింగే. బస్తా ఎక్కించాక రెండు మెట్లు పెంచడం, దించాక తగ్గించడం. ఈ రింగు తిప్పే హుక్కు స్పానర్ బండితో వచ్చిన టూల్ కిట్‌లోనే ఉండాలి. లేకపోతే షాపులో చవగ్గా దొరుకుతుంది. రెండు వైపులా ఒకే మెట్టులో ఉంచాలన్నది మాత్రం మర్చిపోకండి.

హెవీ స్ప్రింగు నిజంగా కావాలో లేదో టేపుతో తేల్చుకోవచ్చు. మెయిన్ స్టాండ్ మీద, వెనక చక్రం గాల్లో ఉండగా ఇరుసు నట్టు మధ్య నుంచి పైన ఫ్రేము మీద ఒక గుర్తు దాకా కొలవండి. తర్వాత బండిని నేల మీదికి దించి, రోజూ మోసే బరువు ఎక్కించి, మీరూ కూర్చుని, ఇంకొకరిచేత అదే కొలిపించండి. రెండింటి తేడాయే బండి కూరుకున్న దూరం. చక్రం మొత్తం కదిలే దూరంలో అది మూడో వంతు దగ్గర ఉంటే బాగున్నట్టు. అంటే మొత్తం 90 మిల్లీమీటర్లు కదిలే బండికి 30 అటూ ఇటూ. రింగుని చివరి మెట్టులో పెట్టినా సగానికి మించి కూరుకుంటుంటే, అప్పుడు హెవీ గురించి ఆలోచించండి. అప్పుడు కూడా స్ప్రింగు ఒక్కటే కాదు, బరువు కోసమే తయారైన పూర్తి షాకుల జత కొనాలి.

ఇంకో మాట. గట్టి షాకులు వేసినంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. టైరు, చక్రం ఊచలు, బ్రేకు, స్వింగ్ ఆర్మ్ అన్నీ పాతవే. మనిషితో కలిపి ఎంత మోయొచ్చో బండి పుస్తకంలో రాసి ఉంటుంది. రోజంతా దాన్ని దాటే పని అయితే మార్చాల్సింది షాకు కాదు, బండి. పాలవాళ్ళూ చేపలవాళ్ళూ టీవీఎస్ ఎక్సెల్ బళ్ళు వదలకపోవడానికి కారణం ఉంది మరి.

షాపులో దొరికేవి

కంపెనీ డీలర్ దగ్గర పెట్టెలో వచ్చే జత అన్నిటికన్నా ఖరీదు, అన్నిటికన్నా తలనొప్పి తక్కువ. పొడవు సరిపోతుంది, బుష్ కన్నం సరిపోతుంది, స్ప్రింగూ నూనే ఒకదానికొకటి సరిపడేలా ఉంటాయి. పెట్టె మీద పార్టు నంబరు, ధర, తయారైన నెల చూసుకోండి. బండి మోడల్ పేరు ఒక్కటే చెప్పి కొనకండి, తయారైన సంవత్సరం కూడా చెప్పండి. ఒకే పేరుతో ఏళ్ళ తరబడి వచ్చే బళ్ళకి మధ్యలో కొలతలు మారుతుంటాయి.

బండి కంపెనీలు షాకుల్లో చాలావరకు తామే తయారు చేసుకోవు. హీరో బళ్ళకి ముంజాల్ షోవా, బజాజ్‌కి ఎండ్యూరెన్స్, టీవీఎస్‌కి గాబ్రియెల్ లాంటి కంపెనీలు సరఫరా చేస్తూ వచ్చాయి. వీటిలో కొన్ని సొంత పేరుతో బయటి మార్కెట్లోనూ అమ్ముతాయి. నన్నడిగితే మామూలు వాడకానికి, వారంటీ అయిపోయిన బండికి ఇదే మంచి బేరం. ఒక్క షరతు, మీ మోడల్ పేరు పెట్టె మీద ఉండాలి. "అన్నిటికీ పట్టేస్తుందండీ" అంటే వద్దు.

పేరూ ఊరూ లేని మెరుపుల జత గురించి ఎక్కువ చెప్పను. ఎర్ర స్ప్రింగు, పక్కన బంగారు రంగు డబ్బా ఉంటుంది. ఆ డబ్బాలో గ్యాస్ ఉందనుకుంటాం, కొన్నిటిలో అది అలంకారం మాత్రమే. రాడ్డు మీద క్రోమ్ పూత పల్చగా ఉంటే మన తీరం గాలికి తొందరగా గుంటలు పడుతుంది. బండి వారంలో అమ్మేస్తుంటే తప్ప వేయించకండి. అప్పుడు కూడా, కొనేవాడి నడుము గురించి కాస్త ఆలోచించండి.

గ్యాస్ షాకుల మీద మోజు బాగా ఉంది. అందులో నైట్రోజన్ ఎందుకంటే, షాకు ఆగకుండా చాలాసేపు పైకీ కిందకీ ఆడినప్పుడు నూనె నురగ కట్టి పట్టు కోల్పోతుంది. ఒత్తిడితో ఉన్న గ్యాస్ ఆ నురగని కట్టనివ్వదు. కాకినాడ నుంచి అమలాపురం, నరసాపురం మీదుగా మచిలీపట్నం వైపు వెళ్ళే 216 జాతీయ రహదారి మీద ఇద్దరితో గంటల తరబడి స్పీడుగా వెళ్ళేవాళ్ళకి తేడా తెలుస్తుంది. ఇంటి నుంచి చెరువు దాకా, చెరువు నుంచి టీ కొట్టు దాకా తిరిగే బండికి దాదాపు ఏమీ తెలియదు. పల్సర్ 150 లాంటి వాటికి కంపెనీ నుంచే గ్యాస్ రకం వస్తుంది. అలాంటి బండికి డబ్బు మిగులుతుందని మామూలు జత తొడగొద్దు. స్ప్లెండర్‌కి గ్యాస్ కోసం రెట్టింపు పెట్టనూ వద్దు. ఆ డబ్బుతో మంచి టైరు వస్తుంది. డబ్బా ఉన్న రకం కొనేవాళ్ళు సైలెన్సర్‌కీ చైన్ కవర్‌కీ అది తగలకుండా చోటు ఉందో లేదో షాపులోనే బండికి ఆనించి చూసుకోండి.

రీకండిషన్ చేసేవాళ్ళు పెద్ద ఊళ్ళలో ఉంటారు. నూనె మార్చి, సీలు వేసి ఇస్తారు, ఖర్చు తక్కువ. వంద, నూట పాతిక సీసీ బళ్ళ షాకుల్లో చాలావాటిని విప్పడానికి వీలుగా తయారు చేయరు. అంచు మడిచి మూసేస్తారు. ఆ మడత విప్పి మళ్ళీ అదే బలంతో మూయడం చేతి పనితనం మీద ఆధారపడిన విషయం. లోపల ఏ నూనె పోశారో మనకి తెలియదు. ఇంజిన్ ఆయిల్ పోసినా కొన్నాళ్ళు బాగానే ఉన్నట్టుంటుంది. ఇందాకటి గోరు పరీక్షలో రాడ్డు నున్నగా తేలి, కొత్త జత దొరకని పాత బండి అయితే రీకండిషన్‌కి అర్థం ఉంది. విప్పి బాగుచేసుకునేలా తయారైన ఖరీదైన మోనోషాకుకి (బండి మధ్యలో ఒకటే ఉండే షాకు) ఇంకా అర్థం ఉంది. రాడ్డుకి గుంటలుంటే చేయించినా దండగే. గ్యాస్ రకాన్ని మాత్రం ఆ పని తెలిసినవాళ్ళకి తప్ప ఎవరికీ ఇవ్వకండి.

పొడవు ఎక్కువున్నవి వేయించి బండి వెనక ఎత్తు పెంచడం కుర్రాళ్ళ సరదా. అందంగానే ఉంటుంది. మెయిన్ స్టాండ్ వేసినప్పుడు వెనక చక్రం నేలని వదలదు, చైన్ బిగువు మారుతుంది, హెడ్‌లైటు వెలుగు కిందకి వాలుతుంది, హ్యాండిల్ ముట్టుకుంటే తిరిగేటట్టు అయిపోతుంది. అందుకని కొనేటప్పుడు పాత షాకు పై కన్నం మధ్య నుంచి కింది కన్నం మధ్య దాకా కొలిచి రాసుకుని వెళ్ళండి. ఆ కొలత ఒక్కటి చేతిలో ఉంటే షాపువాడి మాటలు సగం తగ్గిపోతాయి.

"ఒక వైపే కారుతోంది, ఒకటే మార్చేస్తే సరిపోదా అండీ?" అని అడిగేవాళ్ళున్నారు. సరిపోదు. కొత్తది గట్టిగా, పాతది మెత్తగా ఉంటే స్వింగ్ ఆర్మ్ మెలి తిరుగుతూ ఉంటుంది. మలుపులో బండి ఒక వైపుకి లాగుతుంది. ధర అడిగేటప్పుడు అది జతదో, ఒక్కదానిదో కూడా తేల్చుకోండి. అక్కడే చాలామంది మోసపోతారు.

మన నేల, మన గాలి

అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఉండేవాళ్ళకీ, భీమవరం చుట్టుపక్కల ఉప్పునీటి రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవాళ్ళకీ నా సలహా మిగతావాళ్ళకన్నా కాస్త వేరు. స్ప్రింగు గట్టిదా మెత్తదా అన్నది తర్వాత. ముందు రాడ్డు మీద కవర్ ఉన్న రకమా కాదా చూడండి. పైన ఇనుప గొట్టమో ప్లాస్టిక్ కవరో ఉన్న పాతకాలపు రకం అందంగా ఉండదు గానీ, ఉప్పు తేమ, బురద నేరుగా రాడ్డు మీద పడకుండా ఆపుతుంది. వానాకాలం పుంతలో ఎగిరిన బురద రాడ్డు మీద ఎండిపోతే మర్నాడు అది గరుకు కాగితంలా సీలుని రుద్దుతుంది. గట్టు మీంచి ఇంటికొచ్చాక మంచినీళ్ళు ఒక చెంబుడు షాకుల మీద పోస్తే చాలు. వాటర్ సర్వీసులో మాత్రం గన్ను నేరుగా సీలు మీద పెట్టనివ్వకండి. ఆ ఒత్తిడికి మట్టి సీలు లోపలికే దూరుతుంది.

లంకల్లో ఉండేవాళ్ళ బళ్ళు గోదావరి వరదకి మునిగితే షాకులకన్నా ముందు స్వింగ్ ఆర్మ్, చక్రం బేరింగులు చూపించుకోండి. ఒండ్రు అక్కడే ఎక్కువ చేరుతుంది. షాకు బయటివైపు కడిగి, వారం తర్వాత నూనె కారుతోందో లేదో చూస్తే సరిపోతుంది.

ఇక ఎవరికి ఏది అంటే, నా లెక్క ఇది. ఒక్కరో ఇద్దరో తిరిగే వంద, నూట పాతిక సీసీ బండికి కంపెనీ జత, లేదా సరఫరాదారు పేరుతో బయట దొరికే జత. వారానికి రెండు మూడు సార్లు బస్తాలు మోసేవాళ్ళకీ అదే, దానికి తోడు హుక్కు స్పానర్. కడియం నర్సరీల నుంచి మొక్కలు వేసుకుని ఊళ్ళు తిరిగేవాళ్ళు, రెండు వైపులా పాల క్యానులు తగిలించేవాళ్ళు టేపుతో కొలిచాక, అవసరమని తేలితే బరువు జత. బజాజ్ సీటీ, ప్లాటినాల్లో కొన్ని మోడళ్ళకి స్ప్రింగులో స్ప్రింగు ఉండే షాకులు వస్తాయి. వాటికి అదే రకం వేయించండి, ఒంటి స్ప్రింగు చవగ్గా వస్తుందని మార్చకండి. హైవే మీద ఎక్కువ తిరిగే పెద్ద బండికి, బండితో ఏ రకం వచ్చిందో అదే.

ఇంట్లోనా, మెకానిక్ దగ్గరా?

ఇది బండికి వెనక రెండు షాకులున్నాయా, మధ్యలో ఒకటే ఉందా అన్నదాన్ని బట్టి తేలిపోతుంది.

రెండు షాకుల బండి, మెయిన్ స్టాండ్ ఉన్నదీ అయితే ఇంట్లో హాయిగా మార్చుకోవచ్చు. డబ్బు పెద్దగా మిగలదని ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఈ పనికి మెకానిక్ తీసుకునే కూలి తక్కువే. ఇంట్లో చేసుకుంటే వచ్చే లాభం వేరు. తొందర లేకుండా తుప్పు గీకి, షాకు తగిలించే పిన్నుకి గ్రీజు రాసి, వాషర్లు సరైన వరసలో వేసుకుంటాం. షాపు ముందు ఇంకో నాలుగు బళ్ళు నిలబడి ఉన్నప్పుడు అది జరగదు.

మధ్యలో ఒకటే షాకున్న యమహా ఎఫ్‌జీ, జిక్సర్, యూనికార్న్, పల్సర్ ఎన్‌ఎస్ లాంటివి మెకానిక్‌కి ఇచ్చేయండి. కారణం బోల్టులు విప్పడం రాక కాదు. ఆ ఒక్క షాకు తీసేస్తే చక్రానికీ ఫ్రేముకీ మధ్య పట్టు ఉండదు. కాబట్టి బండిని ఫ్రేము దగ్గర నిలబెట్టాలి. కొందరు ప్యాడక్ స్టాండ్ కొనుక్కుని ఇక ధైర్యమే అనుకుంటారు. అది బండిని స్వింగ్ ఆర్మ్ దగ్గర ఎత్తుతుంది, షాకు తీయగానే పైన ఉన్న బండి కూలబడుతుంది. దూలానికి తాడు కట్టి బండి వెనక భాగాన్ని వేలాడదీసి చేసేవాళ్ళు లేకపోలేదు. ఇద్దరు మనుషులు, గట్టి దూలం, ఓపిక ఉంటే అవుతుంది. సీటు, పక్క కవర్లు, కొన్నిట్లో బ్యాటరీ పెట్టె కూడా విప్పాలి. పార్టు మీరే కొని తీసుకెళ్ళి, బిగించేటప్పుడు దగ్గరుండండి. షాకుకీ స్వింగ్ ఆర్మ్‌కీ మధ్య లింకు ఉన్న బండి అయితే దాని బేరింగులకి అప్పుడే గ్రీజు పెట్టమని అడగండి. మళ్ళీ అంత దూరం విప్పేది ఎప్పుడో.

రెండు షాకులు మార్చే పని

బండిని తడి మట్టిలో కాకుండా అరుగు మీదో, గచ్చు మీదో మెయిన్ స్టాండ్ వేయండి. వాకిట్లో మట్టి మెత్తగా ఉంటే స్టాండ్ కింద చెక్క పలక వేయండి. ముందు చక్రానికి అటూ ఇటూ ఇటుకలు పెట్టండి. సైడ్ స్టాండ్ మీద ఈ పని చేయొద్దు. స్పానర్లు బండిని బట్టి 12, 14, 17 సైజులు కావాలి, రింగ్ స్పానర్ అయితే మేలు. తుప్పు వదిలించే స్ప్రే, ఇనుప బ్రష్, కాస్త గ్రీజు, ఫోను. ఫోను ఎందుకంటే విప్పకముందు ప్రతి నట్టు దగ్గరా ఫోటో తీసుకోవాలి. ఏ వాషర్ లోపల, ఏది బయట అన్నది విప్పాక ఎవరికీ గుర్తుండదు.

స్ప్రే ముందు రోజు రాత్రే కొట్టి వదిలేయండి. ఈ తీరంలో కింది బోల్టు పట్టేసి ఉండే అవకాశం ఎక్కువ. బలవంతంగా తిప్పితే బండికి అతికి ఉన్న పిన్ను మర విరుగుతుంది. అది జరిగితే పని ఇంటి నుంచి వెల్డింగు షాపుకి మారుతుంది. స్పానర్‌ని ముందు కొద్దిగా బిగించే వైపు కదిపి, తర్వాత వదులు చేసే వైపు తిప్పితే తుప్పు పట్టు తరచూ వదులుతుంది.

చాలా బళ్ళకి వెనక పట్టుకునే రాడ్డు, చీర చక్రంలో పడకుండా ఉండే గార్డు షాకు పిన్నుకే బిగించి ఉంటాయి. వాటిని ముందు తీయాలి. బయట వేయించిన క్యారియర్ ఉంటే దాని కాళ్ళు కూడా అక్కడే ఉంటాయి. ఇక్కడ ఆగి ఒకసారి చూడండి. క్యారియర్ బరువంతా షాకు పిన్ను మీదే పడితే పిన్ను కిందకి వంగి ఉంటుంది. పక్క నుంచి చూస్తే తెలుస్తుంది, రెండో వైపు పిన్నుతో పోల్చితే ఇంకా బాగా తెలుస్తుంది. వంగిన పిన్ను మీద కొత్త షాకు వేస్తే బుష్ ఒక వైపే అరుగుతుంది, రాడ్డు వంకరగా ఆడుతుంది, సీలు తొందరగా పోతుంది. కొత్త జత మూడు నెలలకే కారిందని షాపువాణ్ణి తిట్టేవాళ్ళు ముందు ఈ పిన్ను చూసుకోవాలి.

రెండు షాకులూ ఒకేసారి విప్పకండి. ఒక వైపు విప్పి, కొత్తది బిగించాకే రెండో వైపు. అలా చేస్తే బిగించి ఉన్న షాకు చక్రాన్ని తన చోట పట్టి ఉంచుతుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబెట్టి పొడవు, బుష్ కన్నం సరిచూసుకోండి. పిన్నుని ఇనుప బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, పల్చగా గ్రీజు రాయండి. రబ్బరుకి మాత్రం గ్రీజు తగలనివ్వకండి, ఉబ్బుతుంది. పైది తొడిగాక కింది కన్నం కొద్దిగా తేడాగా ఉంటే టైరు కింద చెక్క పెట్టి పైకి లేపితే కలుస్తుంది. సుత్తితో కొట్టి దూర్చాల్సి వస్తోందంటే ఎక్కడో కొలత తప్పింది, ఆపేయండి. నట్టుని ముందు వేళ్ళతోనే నాలుగైదు చుట్లు తిప్పండి, మర సరిగ్గా పట్టిందని తెలిశాకే స్పానర్. ఎంత బిగువు అన్నది సర్వీసు పుస్తకంలో ఉంటుంది. బిగువు కొలిచే టార్క్ రెంచి లేకపోతే బిగించడం ఇంట్లో పూర్తి చేసి, వెళ్ళే దారిలో ఏ మెకానిక్ దగ్గరైనా ఒకసారి సరిచూపించుకుంటే మంచిది.

రెండో వైపూ అయ్యాక రింగులు రెండూ ఒకే మెట్టులో ఉన్నాయా చూడండి. కొత్త వాటిని రెండో మెట్టు నుంచి మొదలుపెట్టడం బాగుంటుంది. సీటు నొక్కి ఊగుడు పరీక్ష మళ్ళీ చేయండి. చైన్ వదులు ఎంత ఉందో చూడండి. పాత షాకులు కూరుకుపోయి ఉన్నప్పుడు సరిపెట్టిన చైన్, బండి వెనక ఎత్తు పెరిగాక సరిపోకపోవచ్చు. చిన్న బళ్ళలో చాలావాటికి 20 నుంచి 30 మిల్లీమీటర్ల వదులు చెబుతారు, మీ బండికి ఎంతో చైన్ కవర్ మీద గానీ పుస్తకంలో గానీ ఉంటుంది. రాత్రి గోడ మీద హెడ్‌లైటు వెలుగు కూడా చూసుకోండి. మొదటి రోజు బరువు వేయకుండా ఊళ్ళోనే తిరిగి, వారం తర్వాత నాలుగు నట్లూ మళ్ళీ ఒకసారి స్పానర్‌తో చూడండి. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ) ఎక్కించి దింపేవాళ్ళయితే దాని చెక్క మీద ఎక్కి దిగేటప్పుడు వెనక నుంచి చప్పుడు వస్తోందేమో వినండి. వదులైన నట్టు మొదట అక్కడే దొరికిపోతుంది.

పాత షాకుల బుష్‌లు బాగుంటే తీసి దాచుకోవచ్చు, స్ప్రింగులు ఎవరైనా అడుగుతారు. మామూలు రకమైతే పాత ఇనుము కొనేవాళ్ళకి ఇచ్చేయండి. గ్యాస్ రకమైతే అది గ్యాస్ షాకని చెప్పి ఇవ్వండి. లోపల ఒత్తిడితో నైట్రోజన్ ఉంటుంది కాబట్టి దాన్ని కోయడం గానీ, గ్యాస్ కట్టరు పెట్టడం గానీ, చెత్తతో పాటు మంటలో వేయడం గానీ చేయకూడదు.